బుడుగునకుఁ దగిన పుస్తకములు

పిల్లలకు ఏ పుస్తకము నీయవలెనను ప్రశ్నకు పాఠశాలలలో సాధారణముగా రెండు విధములుగా సమాధానము చెప్పుదురు. ఏండ్లు లెక్కించి చెప్పుట యొకటి. తరగతినిఁ జూచి చెప్పుట మఱియొకటి. ఈ రెండింటియందును పిల్లవాఁడు కనఁబడఁడు. వాని వయస్సో, వాఁడు కూర్చున్న బల్లయో మాత్రమే కనఁబడును. ఇంతకంటె మేలైన మార్గ మొకటి కలదు. అందఱెఱిఁగిన పిల్లవాని నొక్కనిని ముందు నిలువఁబెట్టి, వానికిఁ దగిన పుస్తక మేదియని విచారించినచో, ఆయా పుస్తకముల గుణదోషములతోఁ బాటు, పిల్లల పుస్తకమనఁగా నేమి యను మూలప్రశ్నయు తేటపడును. తెలుఁగునందు అట్టి పిల్లవాఁడు బుడుగు.

ముళ్ళపూడి వెంకటరమణ (1931-2011) వ్రాయఁగా, బాపు (1933-2014) బొమ్మలు వేయఁగా, 1950వ దశకమున ఆంధ్ర సచిత్ర వారపత్రికయందు వెలువడి, పిదప పుస్తకరూపము దాల్చిన 'బుడుగు' నేఁటికిని తెలుఁగిండ్లలో సజీవముగా నున్నాఁడు. పుస్తకము చదువనివారు సైతము ఆ బొమ్మను గుర్తింతురు. అమెరికాలో హాంక్ కెచమ్ 1951 మార్చి 12వ తేదీన ప్రారంభించిన 'డెన్నిస్ ది మెనేస్' యను వ్యంగ్యచిత్రమాల దీనికిఁ బ్రేరణ యని చెప్పుట కలదు. ప్రేరణ యేదైనను భేదము స్పష్టము. డెన్నిస్ ముందుగా బొమ్మ. క్రింది వాక్యము ఆ బొమ్మకుఁ దోడు. బుడుగు ముందుగా మాట. బొమ్మ ఆ మాటకుఁ దోడు. బాపు గీఁతలు తీసివేసినను బుడుగు మాటాడుచునే యుండును. కావుననే ఈ బొమ్మలపిల్లవాఁడు సాహిత్యవిమర్శకుఁ జిక్కినాఁడు.

పుస్తకమంతయు బుడుగే చెప్పును. తల్లిదండ్రులు వానికి రాధా గోపాళములు. ఇంటిలోని వారు వారిని ఏ పేరునఁ బిలుతురో వాఁడును ఆ పేరునే పిలుచును. విన్నది పలుకుట వానికి ధర్మము. ప్రైవేటు చెప్పవచ్చిన మాస్టరులు వానియొద్ద నిలువఁజాలరు. బామ్మ, బాబాయి, పొరుగింటి పెద్దలు, స్నేహితురాలు సీగాన పెసూనాంబ - ఇదియే వాని లోకము. తాను చిన్నవాఁడని వాఁ డెన్నఁడు నొప్పుకొనఁడు. పెద్దల మాటలను శ్రద్ధగా వినును. విన్నదానిని అక్షరార్థమున గ్రహించును. గ్రహించినదానిని మరలఁ బెద్దలమీఁదనే ప్రయోగించును. ఆ గ్రంథమునందలి హాస్యములోఁ బెద్దపాలు ఇందుండియే పుట్టినది.

ఇట్టి పిల్లవాఁడు చదువరిగా నెట్టివాఁడు కాఁగలఁడు? మొదటిది, వాఁడు చెవితోఁ జదువువాఁడు. వాక్యము పలుకఁబడినపుడే వానికి వాక్యము. పుటమీఁద నున్నంతసేపు అది నల్లని గీఁత. రెండవది, వాఁడు నడుమ నడ్డుపడువాఁడు. చెప్పువాఁడు ఊపిరి తీసికొనుటకు ఆఁగినచో వాని ప్రశ్న సిద్ధము. మూఁడవది, పెద్దలు చెప్పినంత మాత్రమున దేనిని సత్యమని తలఁపఁడు. చెప్పినవారి నడవడితో దానిని పోల్చి చూచును. ఈ మూఁడు లక్షణములు బుడుగు నొక్కని సొత్తు కాదు. ఏ యింటిలోనైన అక్షరములు క్రొత్తగా నేర్చు పిల్లలయం దివి కనఁబడును. రమణ చేసినది వానినొక్కచోఁ జేర్చి, వానికొక పేరు పెట్టుట.

పండితులు గమనింపఁదగిన విశేషము సీగాన పెసూనాంబ యను పేరులో నున్నది. దీని సరియైన రూపము శ్రీ జ్ఞానప్రసూనాంబ. శ్రీకాళహస్తీశ్వరుని దేవేరి పేరు. ఇందలి మూఁడు సంయుక్తాక్షరములు పిల్లవాని నాలుకపై మూఁడు విధములుగాఁ గరఁగినవి. 'శ్రీ'లోని రేఫము పోయి శకారము సకారమైనది. 'జ్ఞా' తెలుఁగువారి వాడుకలోని 'గ్యా' మీఁదుగా 'గా' యైనది. 'ప్ర'లోని రేఫము జాఱి అకారము ఎకారమైనది. జ్ఞానము పోయి గానము వచ్చినదని నవ్వుకొనవచ్చును. కాని దీనిని తప్పని కొట్టివేయుటకు ముందు భాషాచరిత్రమును తలఁపవలెను. శ్రీ సిరి యైనది, ఆజ్ఞ ఆన యైనది, యజ్ఞము జన్నమైనది, ప్రయాణము పయనమైనది. వ్యాకరణము తద్భవములని గౌరవించు ఈ మార్పులకును, బుడుగు నాలుకపై జరిగిన మార్పులకును జాతిభేదము లేదు. అవి పలుతరముల జనులచే సమ్మతింపఁబడి నిఘంటువుల కెక్కినవి. ఇవి యొక పిల్లవాని నోటఁ బుట్టి యొక పుస్తకమున నిలిచినవి. పిల్లవాఁడు భాషను చెఱచుచున్నాఁడని విసుగుకొను నుపాధ్యాయుఁడు, భాష పూర్వము తన్నుఁ దాను మలఁచుకొన్న విధమును కన్నులారఁ జూచుచున్నాఁడని యెఱుఁగఁడు.

సికిందరాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి యను పేరే యిట్టి చరిత్ర చెప్పును. 'మల' యనఁగాఁ గొండ. 'గిరి' యనఁగాను గొండయే. మొదటిది ద్రావిడపదము, రెండవది సంస్కృతము. ముందున్న 'తిరు' శబ్దమును శ్రీశబ్దవికారమని కొందఱు, స్వతంత్ర ద్రావిడశబ్దమని కొందఱు తలంతురు. తిరుమల యను పేరు స్థిరపడి అందలి కొండ మఱుఁగుపడిన పిదప, దాని ప్రక్కను మఱియొక కొండ వచ్చి కూర్చున్నది. ఒకరి మాట నింకొకరు విని, అర్థము పూర్తిగాఁ దెలియకున్నను ఆదరముతో నుంచుకొని, దానిపైఁ దమ మాటనుఁ జేర్చినప్పుడు ఇట్టి పేరులు పుట్టును. బుడుగు శ్రీని 'సీ' చేసినపుడు చేసిన పనియు ఇట్టిదే. వినుటయే రెండింటికిని మూలము.

ఇచ్చట పండితుల యాక్షేపము లిద్దఱు ముగ్గురి నోటనైన వినఁబడకపోవు. వర్ణక్రమము కుదురుపడని పిల్లల చేతికి, వర్ణక్రమము తప్పిన పుస్తకము నిచ్చుట హానికరము కాదా యనునది మొదటి యాక్షేపము. ఇది త్రోసివేయఁదగినది కాదు. 'సీగాన పెసూనాంబ' యను పేరులోని రసము, 'శ్రీ జ్ఞానప్రసూనాంబ' యను రూప మెఱిఁగినవానికే యందును. సరియైన రూపము నెఱుఁగని పిల్లవాని కది వట్టి పేరు, వాఁడు నవ్వఁడు. కావున 'బుడుగు' గ్రంథము లిపి నేర్చుటకుఁ దగిన వాచకము కాదని యొప్పుకొనవలసినదే. అయినను దానిని చదివి వినిపించినచో ఈ దోషము తగులదు. చెవికి వర్ణక్రమముతోఁ బని లేదు. లిపి కుదిరిన పిదప పిల్లవాఁడు తానుగా ఆ పుస్తకమును తెఱచినపుడు, అందలి ప్రతి తప్పును దిద్దుకొనుచు నవ్వును. ఆ నవ్వు వ్యాకరణపరీక్షలో నుత్తీర్ణుఁడైనవాని నవ్వు.

రెండవ యాక్షేపము ఇంతకంటె గట్టిది. 'బుడుగు' పిల్లల పుస్తకమే కాదు. పిల్లవానిని ముందుంచుకొని పెద్దలు నవ్వుకొను పుస్తకము. ఇదియు చాలవఱకు నిజము. బాబాయికిని రెండుజెళ్ళ సీతకును నడుచు వ్యవహారమునందు బుడుగు చూచునది వేఱు, చదువరి గ్రహించునది వేఱు. ఆ రెండింటి నడుమ నున్న దూరమే అందలి చమత్కారము. ఆ దూరము పెద్దలకే కనఁబడును. కాఁబట్టి బుడుగును గుఱించిన పుస్తకము బుడుగునకుఁ దొలిపుస్తకము కాఁజాలదు. ఈ తీర్పు గ్రంథమునకు లాఘవము తెచ్చునది కాదు. అది పదునాలుగేండ్లకు మరలఁ జదువఁదగినది, నలువదియేండ్లకు మరలఁ జదువఁదగినది. ఏడేండ్ల వయస్సున వినఁదగినది మాత్రమే. అట్లయినచో బుడుగు స్వయముగాఁ జదువఁదగినవి యేవి?

పై మూఁడు లక్షణములనుండి యొక ప్రమాణమును తీయవచ్చును. పిల్లలకొఱకు వ్రాయఁబడిన గ్రంథములన్నియు పిల్లలతో మాటాడును. వానిలోఁ గొన్ని మాత్రమే పిల్లల మాట వినును. పుస్తకము వినుట యెట్లు? అందలి పిల్లవాఁడు ప్రశ్న యడుగఁగా ఆ ప్రశ్నవలనఁ గథ మలుపు తిరిగినచో, చదువరి తన సమాధానమును చెప్పుకొనుటకుఁ జోటు విడువఁబడినచో, పెద్దవాఁడు తన తప్పును పిల్లలముందు చెప్పుకొన్నచో, ఆ పుస్తకము వినుచున్నదని చెప్పవచ్చును. బుడుగునకుఁ దగిన పుస్తకము ఇట్టిది. ఈ యొరపిడిరాతిపై తెలుఁగునందలి ప్రసిద్ధములైన పుస్తకములను కొన్నింటిని గీచి చూడఁదగును.

మొదట శతకములు. తెలుఁగు పిల్లవాని చెవిని బడు తొలిపద్యములు సుమతీ కుమారీ కుమార వేమనశతకములవి. ఇవి చెవితోఁ జదువఁదగినవి, చిన్నవి, నోట నిలుచునవి. బుడుగు మొదటి లక్షణమునకు వీనికంటెఁ దగినవి లేవు. కాని మకుటమును పరికింపుఁడు. సుమతియని, కుమారుఁడని పిల్లలను ప్రతిపద్యమునను బిలుతురు. పిలువఁబడినవాఁడు నూఱు పద్యములలో నొక్కమాఱైనను బదులు పలుకఁడు. వేమన మకుటము వేఱు. అది కవి తన్నుఁ దానే పిలుచుకొను పిలుపువలె వినఁబడును. నీతి యెదుటివానిమీఁదికిఁ బోవుటకు ముందు చెప్పినవాని చెవిని సోఁకును. లోకులను ప్రశ్నించు ధైర్యమును, తన్ను విడిచిపెట్టని నిజాయతియు నున్నవి గావున, నాలుగింటిలో బుడుగు స్నేహముచేయఁదగినది వేమన పద్యమే.

తరువాతిది చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853). మిత్రలాభ మిత్రభేదములు సూరి రచించినవి. విగ్రహము, సంధి యను భాగములను పిదప కందుకూరి వీరేశలింగము మొదలైనవారు పూరించిరి. దీని వచనము బుడుగునకుఁ గొఱుకఁబడదని చెప్పుట తేలిక. అంతకంటె విచారింపఁదగిన దొకటి కలదు. పాటలీపుత్రమున సుదర్శనుఁడను రాజు చదువు రాని తన కొడుకులను విష్ణుశర్మ కప్పగించును. ఆ కొడుకులు కథలు విందురు, మీఁదికథ చెప్పుమందురు, అంతకుమించి వారి నోట మాట లేదు. గ్రంథము వారికొఱకే పుట్టినది, కాని వారు ఊఁ కొట్టుటకే పరిమితులు. ఇట్లు వెలుపలి చట్రమునఁ బిల్లలు మూఁగలు కాఁగా, లోపలి కథలలో కాకి, ఎలుక, పావురము, తాఁబేలు ఎడతెగక వాదించుకొనును. లఘుపతనకము స్నేహము కోరఁగా హిరణ్యకుఁడు వెంటనే యొప్పుకొనఁడు; తినువానికిని తినఁబడువానికిని స్నేహ మెట్లని యడుగును. సరిగా బుడుగు అడుగఁదగిన ప్రశ్న యిదియే. కాఁబట్టి నీతిచంద్రికను బుడుగున కీయవచ్చును. కాని చెప్పువాఁడు విష్ణుశర్మ వలెఁ గాక, లోపలి జంతువుల వలె నుండవలెను. వచనమును తేటమాటలలోనికి దింపి, హిరణ్యకుని ప్రశ్నయొద్ద నాఁగి, పిల్లవాని యభిప్రాయ మడిగి, ఆ పిదప ముందునకు సాఁగవలెను. మూలవచనము పై తరగతులలో వాని కెదురుపడినపుడు, కథ పాతచుట్టమై పలుకరించును. పదముల కాఠిన్యము సగము తగ్గును.

ఇరువదవ శతాబ్దమునందు చింతా దీక్షితులు (1891-1960) మార్గమును మార్చిరి. 'లక్కపిడతలు', 'సూరి సీతి వెంకి' యను పేరులే యా మార్పును చాటును. లక్కపిడత లనఁగా బొమ్మరింటి సామగ్రి; సూరి, సీతి, వెంకి యనునవి బడిపట్టికలో నుండు పేరులు కావు, పెరటిలోనుండి కేక వేసినపుడు వినవచ్చు పేరులు. పెద్దల యింటిలోఁ బిల్లలకు చోటిచ్చుట కాక, పిల్లల యింటిలోనికిఁ బెద్దవాఁడు వంగి ప్రవేశించుట ఇందుఁ గనఁబడును. సీగాన పెసూనాంబకు ఇంటిపిలుపుల బంధుత్వము వీరితోఁ గలదు. బుడుగు అక్షరములు కూడఁబలుకుకొను దినములలో వాని చేతఁ బెట్టఁదగినవి యిట్టి చిన్న పాటలు, చిన్న కథలు.

1945వ సంవత్సరమున న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రికను నెలకొల్పిరి. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా వీరు ప్రసిద్ధులు. పిల్లల రచనలకు చోటిచ్చుట ఆ పత్రిక విశేషము. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 1945లో అందే యచ్చైనది. అప్పటికి ఆయన వయస్సు పదునాలుగేండ్లు. ఆ కథ పేరు 'అమ్మ మాట వినకపోతే'. పిల్లలు తమంతట వ్రాయఁబూనినపుడు సైతము పెద్దల నీతినే మొదట వల్లెవేయుదురనుటకు ఆ పేరొక నిదర్శనమువలెఁ దోఁచును. పెద్దల మాట విననందువలనఁ గలుగు కష్టమును పేరుగాఁ బెట్టుకొన్న బాలుఁడు, పెరిగి పెద్దవాఁడై, పిల్లల మాట పెద్దలు వినవలసిన గ్రంథమును వ్రాసినాఁడు. ఆ రెండింటికి నడుమ నాయన సాధించిన సాహిత్యయాత్ర యంతయు ఒక్క 'విను' ధాతువు యొక్క కర్తను మార్చుటలో నున్నదనవచ్చును. పదునాలుగేండ్ల బాలుని వ్రాఁత నచ్చువేసిన పత్రిక లేనిచో ఈ మార్పునకు మొదలు చిక్కెడిది కాదు.

చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947 జులైలో ప్రారంభించిన 'చందమామ'ను గుఱించి యెంత వ్రాసినను తనివి తీఱదు. ఆ పత్రిక యిపుడు వెలువడకున్నను దాని పాతసంచికలు చేతులు మాఱుచునే యున్నవి. దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన 'తోకచుక్క', 'మకరదేవత', 'పాతాళదుర్గం' మొదలైన ధారావాహికలు సాహసప్రియులైన పిల్లలకుఁ బ్రాణము. కాని బుడుగు ప్రమాణమునకుఁ జక్కగా సరిపోవునవి బేతాళకథలు. మూలమునందలి యిరువదియైదు కథలతో నాఁగక, ఆ చట్రములోనే చందమామవారు క్రొత్తకథలను పలుదశాబ్దములు నడపిరి. శవములోని బేతాళుఁడు కథ చెప్పును, ప్రశ్న వేయును; సమాధానము తెలిసియు చెప్పకున్నచో తల పగులును; చెప్పినచో మౌనభంగమై బేతాళుఁడు చెట్టెక్కును. ప్రశ్నకును విక్రమార్కుని సమాధానమునకును నడుమ నున్న జాగా చదువరిది. పుట త్రిప్పక, తన తీర్పు నందుఁ జెప్పి, పిదప రాజు తీర్పుతోఁ బోల్చి, రాజే తప్పినాఁడని వాదించుటకు బుడుగునకు సంపూర్ణమైన యవకాశమున్నది. నీతిచంద్రికలో మూఁగవోయిన రాజకుమారులకు ఇచ్చట నోరు వచ్చినదని చెప్పవచ్చును.

పరభాషలనుండి తెలుఁగునకు వచ్చినవానిలో మూఁడు పేర్కొనఁదగినవి. రష్యను రచయిత కోర్నీ చుకోవ్‌స్కీ వ్రాసిన 'నొప్పి డాక్టరు' మొదటిది. జంతువులు తమ బాధలను తామే చెప్పుకొనును. వైద్యుఁడు ముందు వినును, పిదప మందిచ్చును. మూలమున నా వైద్యుని పేరే 'అయ్యో, నొప్పి' యను నర్థమిచ్చు కేక. పిల్లల నోటి మాటయే పెద్దవానికిఁ బేరగుట బుడుగు మెచ్చుకొనఁదగిన మర్యాద. రెండవది అలెగ్జాండర్ రస్కిన్ 'నాన్నారి చిన్నతనం'. జబ్బుపడిన కూఁతురిని ఊరడించుటకై తండ్రి తన చిన్ననాఁటి యల్లరిని, భయములను, అబద్ధములను ఒక్కొక్కటిగాఁ జెప్పును. తప్పు చేసినవాఁడు తండ్రి, చెప్పువాఁడును తండ్రియే, న్యాయాధికారి కూఁతురు. గోపాళము కూడ నొకప్పుడు తనవంటివాఁడే యని బుడుగునకుఁ దెలుపు పుస్తక మిది. తల్లిదండ్రులను పేరు పెట్టి పిలుచు పిల్లవానికి, తండ్రిని సాటి బాలునిగాఁ జూపు గ్రంథముకంటెఁ బ్రియమైన దేమి యుండును?

మూఁడవది జపానురచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన గ్రంథము. తెలుఁగున దాని పేరు 'రైలుబడి'. తొత్తో-చాన్ అను బాలిక అల్లరి సహింపలేక మొదటి పాఠశాలవారు ఆమెను పంపివేయుదురు. తల్లి యామెను పాత రైలుపెట్టెలలో నడచు తొమోయె పాఠశాలకుఁ గొనిపోవును. ప్రధానోపాధ్యాయుఁడు సొసాకు కొబయాషి మొదటిదినమున ఆమె నొక్క ప్రశ్నయు పరీక్షింపక, నీకుఁ దోఁచినదంతయు చెప్పుమని కూర్చుండఁబెట్టును. ఆమె నాలుగు గంటలసేపు చెప్పును. ఆయన ఆవులింపక వినును. ఆ పాఠశాల 1945లో విమానదాడులలోఁ గాలిపోయినది. కాని యా నాలుగు గంటలు పుస్తకమున నిలిచినవి. ప్రైవేటు మాస్టరులను తఱిమిన బుడుగునకు కావలసిన మాస్టరు కొబయాషియే. ఈ గ్రంథము పిల్లల కెంత ప్రియమో, ఉపాధ్యాయుల కంతకంటె నావశ్యకము.

ఈ విచారణ తిరుమలగిరి వంటి చోట వినోదమాత్రము కాదు. లష్కరని వాడుకఁ గన్న సికిందరాబాదులో, అందును కంటోన్మెంటు ప్రాంతమున, తెలుఁగు, ఉర్దూ, తమిళము, హిందీ, మరాఠీ మొదలైన భాషలవారు పలుతరములనుండి కలిసి నివసించుచున్నారు. ఇంట నొక భాష, వీథి నొక భాష, బడి నింగ్లీషు - ఇది యచ్చటి పిల్లలలోఁ బెక్కండ్ర పరిస్థితి. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టము ఒకటవ తరగతినుండి పదవ తరగతి వఱకు అన్ని పాఠశాలలలోను తెలుఁగు బోధనను తప్పనిసరి చేసినది. మాతృభాష వేఱైన పిల్లలకు 'వెన్నెల' యను సులభవాచక మేర్పడినది. చట్టము పాఠమును తెచ్చినది. పఠనమును చట్టము తేఁజాలదు. తెలుఁగనఁగా మార్కులపట్టికలో నొక గడి యని మాత్రమే తెలిసిన పిల్లవాఁడు, బడి విడిచిన మఱునాఁడు ఆ గడితోఁ బాటు భాషనుఁ గూడ విడిచిపెట్టును. అట్టివానికి బుడుగు పరిచయ మెన్నఁటికిని గలుగదు. ఒక తరము నవ్వు తరువాతి తరమునకు అందకపోవుటకంటె సాహిత్యమునకు లోటు వేఱొకటి లేదు.

సంయుక్తాక్షరములయొద్ద తడఁబడు తమిళబాలికకు, హిందీబాలునకు సీగాన పెసూనాంబ యను పేరొక ధైర్యవచనము. తెలుఁగు పిల్లవాఁడును అచ్చటనే తడఁబడినాఁడని, ఆ తడఁబాటు నొక మహారచయిత ముచ్చటతోఁ బదిలపఱచినాఁడని ఉపాధ్యాయుఁడు చెప్పినచో, నల్లబల్లమీఁది 'జ్ఞ' యంత భయంకరముగా నుండదు.

నేఁటి పిల్లలకు బుడుగుకంటె సన్నిహితుఁడైన బొమ్మలపిల్లవాఁడు ఛోటా భీముఁడని కొంద ఱనవచ్చును. హైదరాబాదులోనే గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించి, 2008 నుండి టెలివిజనులో నడచుచున్న యీ భీముని దేశమంతటి పిల్లలు ఎఱుఁగుదురు. దీనిని నిరసింపఁ బనిలేదు. లడ్డుతిని బలము తెచ్చుకొను బాలుని నెఱిఁగిన పిల్లవానికి, బండెఁడు కూడు ముందిడుకొని బకాసురుఁడు వెనుకనుండి గ్రుద్దుచున్నను తినుట మానని భీముని కథను, ఆదిపర్వమునుండి తేటమాటలలోఁ జెప్పినచో వాఁడు లేచి పోఁడు. కాని తెరకును చెప్పువానికిని నొక భేదము కలదు. తెర యాఁగదు, పిల్లవాని ప్రశ్న దానికి వినఁబడదు. చెప్పువాఁ డాఁగును. కావున తెరమీఁది భీముఁడు మొదటి మెట్టు కావచ్చును. రెండవ మెట్టుమీఁద మనుష్యుఁడో పుస్తకమో నిలువవలెను.

పుస్తకములు దొరకుటయు కష్టము కాదు. సికిందరాబాదు తార్నాకలోని 'మంచి పుస్తకం' సంస్థ తక్కువ వెలకుఁ బిల్లల పుస్తకములను వెలువరించుచున్నది. వెనుకటి రష్యను బాలపుస్తకములను గొన్నింటిని మరల నచ్చు వేసినది. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాలపుస్తకాలయమాల ఒకే బొమ్మలతో పలుభారతీయభాషలలో వచ్చును. తమిళప్రతి యింటిలో నొకరు, తెలుఁగుప్రతి బడిలో నింకొకరు చదివి వినిపించినచో, బొమ్మలే నిఘంటువు పని చేయును. తిరుమలగిరి వంటి పలుభాషల పేటలోని పాఠశాల కిది చేతిలోని సాధనము.

పై విచారణను క్రమముగాఁ జెప్పవలసినచో నిట్లు చెప్పవచ్చును. అక్షరములకు ముందు వినుటకు: వేమన పద్యములు, బకవధ, హిరణ్యకుని కథ. అక్షరములతోఁ బాటు: దీక్షితులుగారి పాటలు, నెహ్రూ బాలపుస్తకాలయములోని బొమ్మల పుస్తకములు, 'నొప్పి డాక్టరు'. అక్షరములు కుదిరిన పిదప: బేతాళకథలు, 'నాన్నారి చిన్నతనం', 'రైలుబడి'. అప్పు డిఁక 'బుడుగు'. ఈ క్రమమున వచ్చిన పిల్లవాఁడు ఆ గ్రంథమును తెఱచినపుడు, అందలి తప్పుల నెఱుఁగును, ఒప్పుల నెఱుఁగును, రెండింటి నడుమ నున్న నవ్వు నెఱుఁగును.

ఇందులకు వలయునది పెద్దవ్యయము కాదు. ప్రతిదినము తెలుఁగుపాఠమున తుదిపదినిమిషములు పుస్తకము చదివి వినిపించుటకు విడువవలెను. ఆ పదినిమిషములలో పరీక్షకై యొక్క ప్రశ్నయు వేయరాదు. పిల్లలు వేయు ప్రశ్నకు మాత్ర మాఁగవలెను. పాఠశాల గ్రంథాలయమునఁ బుస్తకములకుఁ దాళము వేసియుంచుట కంటె, చిరుఁగనిచ్చుట మేలు. చిరిఁగిన పుస్తకము చదువఁబడిన పుస్తకము. బుడుగునకుఁ దగిన పుస్తకమేదియని యడుగువారికి లక్షణము నొక్క వాక్యమునఁ జెప్పవచ్చును: ఏ పుస్తకమును చదివి వినిపించునపుడు పిల్లవాఁడు నడుమ నడ్డుపడి మాటాడునో, ఆ పుస్తకము వానికిఁ దగినది, ఏ పుస్తకము ముందు వాఁడు చేతులు కట్టుకొని నిశ్శబ్దముగాఁ గూర్చుండునో, దానిని మఱికొన్నాళ్లు బీరువాలో నుంచవచ్చును.